ఓస్మ్‌అండ్ యాప్: బండి మీద చేరే టైమును మన వేగానికి సరిపెట్టుకోవడం

దోవ చూపించే యాప్‌లు చాలా ఉన్నాయి. ఓస్మ్‌అండ్‌ను నేను ప్రత్యేకంగా మెచ్చుకునేది ఒక్క విషయంలో. మనం ఎంత వేగంతో పోతామో దానికి మనమే చెప్పొచ్చు. చెప్పిన తర్వాత అది చూపించే చేరే టైమును నమ్మి ఇంకొకరికి మాట ఇవ్వొచ్చు. తిరుపతి నుంచి చంద్రగిరి, పాకాల, పీలేరు, పలమనేరు వైపు బండి మీదే తిరిగే మనిషిని. నాకు దోవ చాలావరకు తెలుసు. తెలియాల్సింది ఎన్నింటికి చేరతానన్నదే.

నా పని పాల శీతలీకరణ కేంద్రాల్లో యంత్రాలు బాగుచేయడం. పల్లెల్లో వీటిని బీఎంసీలు అంటారు. రైతులు పొద్దున, సాయంత్రం తెచ్చిన పాలను పెద్ద స్టీలు ట్యాంకులో పోసి, 4 డిగ్రీలకు దించి, ట్యాంకర్ వచ్చేదాకా ఉంచుతారు. కంప్రెసర్ ఆగినా, గ్యాస్ కారిపోయినా, పాలు కలిపే అజిటేటర్ మోటారు కాలినా నాకు ఫోనొస్తుంది. ఫోనెత్తగానే వినబడే మొదటి మాట "ఏం చెడిపోయిందంటే" అని ఉండదు. "యాడుండావన్నా? ఎన్నింటికొస్తావు?" అనే ఉంటుంది.

నేను చెప్పే జవాబును బట్టి అక్కడ సెక్రటరీ ఒక నిర్ణయం తీసుకుంటాడు. గంటలో వస్తానంటే ఆగుతాడు. రెండు గంటలు పడుతుందంటే పాలన్నీ క్యాన్లకెత్తి, ట్రాలీ ఆటో మాట్లాడి, పక్క ఊరి కేంద్రానికి పంపించేస్తాడు. ఆటో బాడుగ చేతి నుంచి పడుతుంది గానీ పాలు దక్కుతాయి. గంటని చెప్పిన మనిషి గంటా ముప్పావుకు వస్తే మాత్రం బాడుగ మిగిలిందన్న సంతోషం కూడా ఉండదు, పాలు విరిగిపోయి ఉంటాయి. మే నెలలో పితికిన పాలు బయట ఎంతసేపు ఆగుతాయో ఆవున్న ఇంట్లో ఎవరినడిగినా చెప్తారు. ఆ ట్యాంకులో ఉండేది రెండు ఆవులతో ఇల్లు నడుపుతున్న ఆడవాళ్ళ కష్టం. అందుకే చేరే టైమును నేను చిన్న విషయంగా చూడలేను.

ఇదివరకు బండి హ్యాండిల్‌కు ఒక సాట్‌నావ్, అంటే దోవ చూపించే పరికరం, బిగించుకుని వాడాను. దాని కంపెనీ పేరు ఇక్కడ అవసరం లేదు. నీళ్ళు తగిలినా ఏమీ కాలేదు, చేతి గ్లవ్స్‌తో కూడా తెర పనిచేసింది. టైము దగ్గరే చిక్కంతా. బయల్దేరేటప్పుడు 9:10 అని చూపేది. చంద్రగిరి దాటేసరికి 9:16 అయ్యేది. భాకరాపేట ఘాటు ఎక్కుతుంటే 9:25. మనం ముందుకు పోతుంటే అదీ ముందుకు జరుగుతూ పోయేది. ఆ పల్లెలో ఎదురుచూసే మనిషికి దారిలో మళ్ళీ మళ్ళీ ఫోన్ చేసి "ఇంకో పది నిమిషాలు" అని చెప్పాల్సి వచ్చేది. వేగం మార్చుకునే సెట్టింగు దాంట్లో ఎక్కడా లేదు. అమ్మిన షాపులో అడిగితే, అదంతా దానంతటదే చేసుకుంటుందన్నారు.

ఈ పొరపాటు ఎందుకొస్తుందో తెలిస్తే సరిచేసుకోవడం సులభం. దోవను ముక్కలు ముక్కలుగా చేసి, ఒక్కో ముక్క పొడవును ఆ రకం రోడ్డుకు అనుకున్న వేగంతో భాగించి, వచ్చిన నిమిషాలన్నీ కూడితే చేరే టైము వస్తుంది. నేషనల్ హైవేకు ఒక వేగం, జిల్లా రోడ్డుకు ఒకటి, పల్లె రోడ్డుకు ఇంకొకటి. రోడ్డుకు వేగ పరిమితి మ్యాపులో రాసి ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకుంటుంది. ఆ వేగాలు ఎవరో ఒక సగటు మనిషిని, సగటు బండిని అనుకుని పెట్టినవి. నాది వెనకాల వాక్యూమ్ పంపు, గ్యాస్ సిలిండరు, పక్కన పనిముట్ల పెట్టె కట్టుకున్న స్ప్లెండర్. మిట్ట ఎక్కాలంటే మూడో గేరులో పోవాలి. స్పీడు బ్రేకరు దగ్గర పూర్తిగా దించుకోవాలి, లేకపోతే గేజీలు పగులుతాయి. ఆ సగటు మనిషి నేను కాదు. ఇద్దరు పిల్లల్ని ఎక్కించుకున్న తండ్రీ కాదు, కూరగాయల బుట్టలు కట్టుకుని మార్కెట్టుకు వచ్చే మనిషీ కాదు.

ఓస్మ్‌అండ్‌లో ఈ వేగాలను మార్చుకునే చోటు ఇది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీరు వాడే ప్రొఫైల్ తెరవండి. మోటార్‌సైకిల్ ప్రొఫైల్ ముందే ఉంటుంది, జాబితాలో ఆన్ చేసుకోవాలి. దాంట్లో నావిగేషన్ సెట్టింగ్స్, ఆ తర్వాత వెహికిల్ పారామీటర్స్, అందులో డిఫాల్ట్ స్పీడ్. అక్కడ డిఫాల్ట్ వేగంతో పాటు కనీస వేగం, గరిష్ఠ వేగం కూడా జరుపుకోవచ్చు. రోడ్డు ఏ రకమో మ్యాపుకు తెలియని చోట డిఫాల్ట్ వేగం పనిచేస్తుంది. గరిష్ఠ వేగం అన్ని రోడ్లకూ పైకప్పు. ఎంత మంచి హైవే అయినా ఆ అంకెను మించి లెక్క వేయదు. కనీస వేగాన్ని మాత్రం పైకి జరపకండి. అది పైకి పోతే మట్టి దోవలో కూడా మీరు బిన్నా పోతారనుకుంటుంది.

ఈ అంకెలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి? బండి మీటరు చూసి మాత్రం వద్దు. స్పీడోమీటర్లను అసలు వేగం కంటే తక్కువ చూపించకుండా తయారుచేస్తారు కాబట్టి అవి కొంచెం ఎక్కువే చూపిస్తాయి. మీటరు మీద 60 అంటే జీపీఎస్ లెక్కలో అంతకంటే తక్కువే ఉంటుంది. ఆ 60ని తెచ్చి యాప్‌లో పెడితే మొదటి రోజు నుంచే టైము తప్పుతుంది. ఓస్మ్‌అండ్‌లోనే ట్రిప్ రికార్డింగ్ అనే ప్లగిన్ ఉంది. దాన్ని ఆన్ చేసి మామూలుగా పనికి పోయి రండి. ఇంటికొచ్చాక ఆ ట్రాక్ తెరిస్తే సగటు వేగం, గరిష్ఠ వేగం, మొత్తం పట్టిన సమయం, అందులో బండి కదులుతున్న సమయం ఎంత అన్నీ విడివిడిగా చూపిస్తుంది. ఎత్తుపల్లాల గ్రాఫు కూడా ఉంటుంది. ఏ మిట్ట దగ్గర వేగం పడిపోయిందో కంటికి కనబడుతుంది.

మొత్తం సమయం, కదిలిన సమయం ఈ రెంటి తేడా తెలుసుకోవడం చాలా ముఖ్యం. కదిలిన సమయం మీద వచ్చిన సగటు వేగం బాగుంటుంది, చూడ్డానికి సంతోషంగా కూడా ఉంటుంది. కానీ దోవలో రైలు గేటు పడుతుంది, పెట్రోలు బంకులో లైను ఉంటుంది, ఫోనొస్తే బండి పక్కకు ఆపి మాట్లాడాలి. ఇవన్నీ ఆ సగటులో ఉండవు. యాప్‌కు కదిలే వేగాన్నే ఇచ్చి, ఆగే సమయాన్ని నేను విడిగా కలుపుకుంటాను. ఆగే సమయాన్ని కూడా వేగంలో కలిపేసి అంకె తగ్గించే వాళ్ళున్నారు. అలా చేస్తే దగ్గర ఊరికి టైము మరీ తక్కువ చూపిస్తుంది, దూరపు ఊరికి ఎక్కువ చూపిస్తుంది. ఎందుకంటే మనం ఆగడం దూరాన్ని బట్టి ఉండదు. పక్క ఊరికి పోతూ గేటు దగ్గర ఆగినా అదే ఆరేడు నిమిషాలు, చిత్తూరు పోతూ ఆగినా అంతే.

ఇంకొక విషయం, ఈ సెట్టింగు గురించి మాట్లాడే వాళ్ళు తరచు వదిలేసేది. గరిష్ఠ వేగాన్ని బాగా తగ్గిస్తే టైము ఒక్కటే మారదు, దోవ కూడా మారుతుంది. అన్ని రోడ్లకూ 40 అని పైకప్పు పెట్టారనుకోండి. ఇక హైవేకూ పల్లె రోడ్డుకూ దాని కంటికి తేడా లేదు. రెంటి మీదా 40లోనే పోతారు కదా అని, ఏది పొట్టిదైతే దాంట్లోకి మళ్ళిస్తుంది. తిరుపతి నుంచి పూతలపట్టు వైపు హాయిగా హైవే మీద పోవాల్సిన మనిషిని చెరువు కట్టల మీద, మామిడి తోటల మధ్య తిప్పుతుంది. టైము లెక్క సరిపోయింది గానీ దోవ పాడైంది. కాబట్టి గరిష్ఠ వేగాన్ని మీరు హైవే మీద నిజంగా పోయే వేగం కంటే కిందికి దించొద్దు. పల్లె రోడ్ల కోసం వేరే ప్రొఫైల్ చేసుకోండి.

ఓస్మ్‌అండ్‌లో ఉన్న ప్రొఫైల్ మీద ఆధారపడి కొత్తది చేసుకుని, దానికి మనకు నచ్చిన పేరు, రంగు పెట్టుకోవచ్చు. నేను హైవే, పల్లె, ఘాటు అని మూడు చేసుకున్నాను. హైవేలో గరిష్ఠం 55. పల్లెలో 35. ఘాటులో 25. ఇవి నా బండికి, నా బరువుకు వచ్చిన అంకెలు. మీవి మీ ట్రాక్ చూసి పెట్టుకోండి. పల్లె ప్రొఫైల్‌లో మట్టి రోడ్లు తప్పించమని కూడా టిక్ పెట్టాను. రూట్ పారామీటర్స్‌లో ఆ వీలుంది. వాక్యూమ్ పంపు కట్టుకుని గతుకుల్లో పోతే పంపు ఆయిల్ సీలు మీద నమ్మకం పోతుంది.

చిత్తూరు వైపు ఏదైనా పల్లెకు పిలుపు వస్తే నేను చేసేది ఇది. ముందు హైవే ప్రొఫైల్‌లో తిరుపతి నుంచి రోడ్డు దిగే చోటు వరకు టైము చూస్తాను. ఆ తర్వాత పల్లె ప్రొఫైల్‌కు మార్చి అక్కడి నుంచి కేంద్రం వరకు చూస్తాను. రెండూ కలిపి, ఆగేదానికి ఇంత అని చేర్చి ఫోన్‌లో చెప్తాను. రెండుసార్లు చూసే ఈ ఓపిక అందరికీ ఉండదని తెలుసు. కానీ చెప్పిన టైముకు అటో ఇటో అయిదు నిమిషాల్లో గేటు దగ్గర బండి ఆగుతోంది. దాని విలువ నాకు తెలుసు, అక్కడ ఉండే సెక్రటరీకి ఇంకా బాగా తెలుసు.

హైవే అంకె కంటే పల్లె అంకెను ఎక్కువ జాగ్రత్తగా పెట్టుకోవాలి. మామూలుగా అందరూ హైవే వేగం గురించే తలబద్దలు కొట్టుకుంటారు. లెక్క వేసి చూడండి. హైవే మీద 30 కిలోమీటర్లు 60లో పోతే 30 నిమిషాలు, 65లో పోతే దాదాపు 28. రెండు నిమిషాల తేడా. అదే పల్లె రోడ్డు మీద 12 కిలోమీటర్లు 30లో పోతే 24 నిమిషాలు, 20లో పోతే 36. దూరం సగం కంటే తక్కువ, తేడా మాత్రం 12 నిమిషాలు. టైము ఎప్పుడూ నిదానంగా పోయే చోటే పోతుంది. భాకరాపేట దాటి యర్రావారిపాళెం వైపు, నెరబైలు వైపు పోయే వాళ్ళు ఈ తేడాను ఒంటితో చూసుంటారు. తలకోన చూడ్డానికి వచ్చే కుర్రాళ్ళు కూడా ఇక్కడే మోసపోతారు. మ్యాపులో దగ్గరగా కనబడుతుంది కదా అని సాయంత్రం బయల్దేరి, అడవిలో పొద్దుగూకేదాకా ఉండిపోతారు.

భాకరాపేట ఘాటు గురించి ఒక మాట. తిరుపతి నుంచి మదనపల్లె పోయే దోవలో రంగంపేట దాటాక వస్తుంది. 2022 మార్చిలో నిశ్చితార్థానికి పోతున్న బస్సు లోయలో పడింది ఇక్కడే. ఆ మలుపుల్లో నా ఘాటు ప్రొఫైల్ 25 అని ఊరికే పెట్టలేదు. చేరే టైము ముందుగానే సరిగ్గా ఉంటే మనిషి తొందరపడడు. తెరమీద టైము ముందుకు జరుగుతూ ఉంటే, దాన్ని పట్టుకోవాలని చెయ్యి తనకు తెలియకుండానే యాక్సిలరేటర్ తిప్పుతుంది. మొదటి నుంచే 9:30 అని రాసి ఉంటే ఘాటులో నిదానంగా పోయినా 9:30కే చేరతాం. మొగిలి ఘాటులో, బంగారుపాళెం నుంచి పలమనేరు ఎక్కేటప్పుడు కూడా ఇదే. అక్కడ లారీల వెనకాల పడితే దాటే ప్రయత్నమే వద్దు. వాటి వేగమే మన వేగం అనుకుని లెక్క వేసుకుంటే మంచిది.

తిరుమల ఘాటు మాత్రం వేరే కథ. మన దగ్గర టైముకు అసలైన పరీక్ష పెట్టే రోడ్డు అదే. పైకి పోయేది 1974లో వచ్చిన రెండో ఘాటు రోడ్డు. కిందికి దిగేది 1944 నాటి పాత రోడ్డు. పైకి 28 నిమిషాల కంటే ముందు చేరకూడదు, కిందికి 40 నిమిషాల కంటే ముందు దిగకూడదని టీటీడీ నియమం. టోల్‌గేట్ల దగ్గర టైము చూస్తారు. ముందు చేరితే జరిమానా. అంటే సగటున పైకి గంటకు 40 కిలోమీటర్ల లోపు, కిందికి 30 లోపు పోవాలన్నమాట. ఏ సాట్‌నావ్ అయినా అలిపిరి నుంచి కొండపైకి ఇరవై నిమిషాలే చూపిస్తే, దానికి ఈ ఊరి రోడ్డు తెలియదని అర్థం. ఓస్మ్‌అండ్‌లో నేను ఘాటు ప్రొఫైల్‌తో చూసుకుంటే నియమం కంటే ఎక్కువే వస్తుంది, అది సరైన టైము. ఇంట్లో పెద్దవాళ్ళను వెనక కూర్చోబెట్టుకుని పోయేటప్పుడు నాకు కావాల్సింది కూడా అదే.

ఒక జాగ్రత్త. 2023 ఆగస్టులో కాలినడక దోవలో చిరుత దాడి జరిగాక ద్విచక్ర వాహనాలను సాయంత్రం 6 దాటాక ఘాటులోకి వదలకుండా ఆపారు. ఆ తర్వాత ఆ వేళలు మారుతూ వచ్చాయి. టీటీడీ ప్రకటన చూసి బయల్దేరండి. గేటు మూసే వేళ యాప్‌కు తెలియదు.

తెలియని విషయాలు ఇంకా ఉన్నాయి. ఓస్మ్‌అండ్‌లో మన దగ్గర లైవ్ ట్రాఫిక్ లేదు. దారిలో మనం నిదానంగా పోతున్నామని గమనించి, మిగిలిన దోవకు లెక్క మార్చుకోవడమూ ఉండదు. మనం ఇచ్చిన అంకె మీదే నడుస్తుంది. అందుకే ఆ అంకె సరిగ్గా ఉండాలని ఇంతసేపు చెప్పాను. తిరుపతి ఊళ్ళోంచి బయటపడేటప్పుడు నేను గూగుల్ మ్యాప్స్ చూస్తాను. 2017 డిసెంబరులో దాంట్లో టూవీలర్ మోడ్ మొదట మన దేశంలోనే పెట్టారు, ఊళ్ళో రద్దీ చూసుకోవడానికి అది మంచిది. లీలామహల్ సర్కిల్ ఎలా ఉందో, 2023లో పూర్తిగా తెరిచిన శ్రీనివాస సేతు ఫ్లైఓవర్ ఎక్కితే మేలో, కిందనుంచే పోతే మేలో దాంట్లో కనబడుతుంది. మన వేగం మనం పెట్టుకునే వీలు మాత్రం దాంట్లో లేదు. ఊరు దాటాక, సిగ్నల్ పోయే చోట్ల ఓస్మ్‌అండ్‌కు మారతాను. మ్యాపు ఫోన్‌లోనే ఉంటుంది కాబట్టి భాకరాపేట అడవిలో టవరు లేకపోయినా దానికి పట్టదు.

ట్రాఫిక్ తెలియని యాప్‌కు మన ప్రాంతపు కాలాలు మనమే కలపాలి. జూన్, జూలైలో తోతాపురి కాయ దిగుతుంది. దామలచెరువు మార్కెట్టు చుట్టూ, బంగారుపాళెం వైపు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు రోడ్డు పక్కన లైను కట్టి ఉంటాయి. రాత్రంతా ట్రాలీల మీదే పడుకున్న రైతులు ఉంటారు అక్కడ. ఆ రోజుల్లో ఆ దోవకు ఇరవై నిమిషాలు కలుపుకుంటాను. వినాయక చవితి నుంచి కాణిపాకంలో 21 రోజులు బ్రహ్మోత్సవాలు, పూతలపట్టు వైపు కార్లు కిటకిటలాడతాయి. తిరుమల బ్రహ్మోత్సవాల్లో గరుడసేవ రోజున తిరుపతి దాటడం గురించి ఏ యాప్‌నూ అడగొద్దు. ఆ రోజు పని పడితే తెల్లవారక ముందే ఊరు దాటాలి. కాశిపెంట్ల దాటాక గాదంకి టోల్‌ప్లాజా దగ్గర మాత్రం బండ్లకు ఇబ్బంది లేదు, పక్క దోవలో వెళ్ళిపోవచ్చు.

ఫోను గురించి కొంచెం. బండి అదురుకు ఫోన్ కెమెరా పాడయ్యే అవకాశం ఉందని 2021లో యాపిల్ కంపెనీయే చెప్పింది. కాబట్టి మంచి ఫోను హ్యాండిల్‌కు బిగించకండి. నేను ఇంట్లో పడున్న పాత ఫోనును దీనికి పెట్టుకున్నాను. సిమ్ కూడా అక్కర్లేదు, జీపీఎస్ దానికదే పనిచేస్తుంది. ఎండాకాలం మధ్యాహ్నం తెర వేడెక్కి మసకబారుతుంది, ఆ వేళలో ఫోను జేబులో వేసుకుని మాట విని పోవడమే మంచిది.

డబ్బు విషయానికొస్తే, ఆండ్రాయిడ్‌లో ఉచిత యాప్‌తో కొన్ని మ్యాపులే దించుకోవచ్చు. మన దేశానికి రాష్ట్రానికొక మ్యాపు చొప్పున ఉంటుంది. మన జిల్లా వాళ్ళకు ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక మూడూ కావాలి, కుప్పం వైపు పోతే ఏ మలుపులో ఏ రాష్ట్రంలోకి పోతామో తెలియదు. ఆ మూడింటికీ ఉచిత యాప్ సరిపోతుంది. మ్యాపులు నెలకొకసారి కొత్తవి వస్తాయి, దించుకుంటూ ఉండండి. ఈ మ్యాపు ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వస్తుంది, దాన్ని ఎవరైనా సరిచేయొచ్చు. మీ ఊరి రోడ్డు తారుదో మట్టిదో రాసి ఉండకపోతే మీరే రాయండి. మీరు రాసింది తర్వాతి నెల మ్యాపులో నాకు కూడా వస్తుంది. నేను అలా మా దోవలో కొన్ని రోడ్లకు రాశాను. ఆ రోడ్ల మీద టైము ఇప్పుడు ఇంకా దగ్గరగా వస్తోంది.

ఖరీదైన మోటార్‌సైకిల్ సాట్‌నావ్‌లు కొనాలా అని నన్ను అడిగేవాళ్ళున్నారు. లడఖ్ లాంటి దూరాలు పోయేవాళ్ళకు వాటి గట్టిదనం పనికొస్తుంది. గార్మిన్ వాళ్ళ బేస్‌క్యాంప్ అనే కంప్యూటర్ ప్రోగ్రాంలో రోడ్డు రకాన్ని బట్టి వేగం పెట్టుకునే వీలు కూడా ఉంది. నాలాగా పొద్దున లేస్తే పల్లెలు తిరిగే వాళ్ళకు మాత్రం ఉచితంగా దొరికే ఈ యాప్, ఒక పాత ఫోను చాలు. కొరియర్ పిల్లలు, మందుల షాపులకు సరుకు వేసేవాళ్ళు, పశువుల డాక్టర్ల దగ్గర పనిచేసే వాళ్ళు, ఎవరికైతే అవతల ఒక మనిషి టైము చూసుకుంటూ ఉంటాడో వాళ్ళంతా ఒక ఆదివారం కూర్చుని ఈ అంకెలు పెట్టుకోవాలని నా కోరిక.

ఓస్మ్‌అండ్ చేసేవాళ్ళను కూడా ఒకటి అడగాలని ఉంది. హైవేకు ఇంత, జిల్లా రోడ్డుకు ఇంత, పల్లె రోడ్డుకు ఇంత అని వేరువేరు వేగాలు పెట్టాలంటే ఇప్పుడు రూటింగ్ ఫైలును తెరిచి కోడ్ మార్చాలి. అది నాలాంటి మెకానిక్కుకు అయ్యే పని కాదు. డిఫాల్ట్ స్పీడ్ ఉన్న చోటే రోడ్డు రకానికో గీత చొప్పున నాలుగు గీతలు పెడితే ఈ మూడు ప్రొఫైళ్ళ అవసరమే ఉండదు. వీలైతే ఎక్కుడుకు ఒకటి, దిగుడుకు ఒకటి కూడా. తిరుమల కొండకు పోయి వచ్చే ఎవరికైనా అది ఎందుకు కావాలో వివరించాల్సిన పని లేదు.